పడవ బాబాయి మావయ్య అయిన పేజీ

పోయిన వారం ప్రూఫులమ్మాయిని మెట్ల మీద వదిలేసి వచ్చాం. పాపం, వారమంతా ఆవిడ అక్కడే నిలబడి ఉంది, ఒక చేయి గోడ మీద, ఒక చేయి సంచీ మీద వేసుకుని. పైకి వెళ్తే తను రాసిన పుస్తకానికి ఏం శిక్ష వేస్తారో కళ్ళారా చూడాలి. కిందికి దిగితే సైకిల్ షాపాయన అప్పుడే మీటింగు అయిపోయిందా అని అడుగుతాడు. ఈ రెండింట్లో ఏది తేలికో తేల్చుకోలేక ఆగిపోయింది.

ఈ వారమే మనతో కలిసినవాళ్ళ కోసం రెండు ముక్కలు. "వంతెన కింది ఇల్లు" అని ఒక పిల్లల పుస్తకాల వరస. వంతెన కింద కదలని పాత పడవలో కాపురం ఉండే పడవ బాబాయి, బడి ఎగ్గొట్టి ఆయన దగ్గరికి చేరే పిల్లలు, అంతే కథ. ఆ పిల్లలకి ఆయన ఏ చుట్టమూ కాడు, అయినా నోరారా బాబాయి అంటారు. ఆయనకి నత్తి. "ప-ప-పడవ" అనేసరికి చదివే పిల్లలు పొట్ట పట్టుకుని నవ్వేవారు. రాసిన పెద్దాయన ప్రూఫులమ్మాయికి పెద్ద మావయ్య. పడవ బాబాయికి నత్తి అరువిచ్చింది ఆయన సొంత తమ్ముడు, అంటే ఆవిడ చిన్న మావయ్య. ఆ సంగతి ఇంట్లోవాళ్ళకీ, చిన్న మావయ్య ఉన్న వీధిలో పిల్లలకీ తప్ప ఎవరికీ తెలియదు.

మొదటి ఆరు పుస్తకాలూ బంగారం. ఎనిమిదీ తొమ్మిదీ కూడా ఫరవాలేదు. మధ్యలో ఏడోది మాత్రం ఎవరికీ కొరుకుడు పడలేదు. ఇప్పుడు పబ్లిషరు వాటన్నిటినీ గట్టి అట్టలు వేసి ఒక పెట్టెలో పెట్టి అమ్మబోతున్నాడు. ఏడోది ఉంచాలా, తీసేయాలా అన్నది ఈ సైకిల్ షాపు మేడ మీద కూడే చదువరుల సంఘాన్నే తేల్చమన్నాడు. ఏడోది రాసింది పెద్దాయన కాదు, ప్రూఫులమ్మాయి. తమ్ముడు చనిపోయిన ఏడాది పెద్దాయన కలం ముట్టుకోలేదు. బళ్ళు తెరిచేలోగా పుస్తకం రావాలని ప్రెస్సు పీకల మీద కూర్చుంటే, ఆయన మేనకోడల్ని పిలిచి, నువ్వే ఏదో ఒకటి రాసి ఇచ్చెయ్, మూడోవాళ్ళకి చెప్పకు అన్నాడు. చెప్పనని ఆవిడ మాట ఇచ్చింది. ఆవిడ జన్మలో రాసింది ఆ ఒక్క పుస్తకమే.

సరే, ఆవిడ కాళ్ళు పీకుతుంటాయి. పైకి ఎక్కిద్దాం.

మెట్ల పైన చెప్పులన్నీ గుమ్మం దగ్గర కుప్పగా ఉన్నాయి. ఆవిడ తన చెప్పులు ఒక పక్కకి విడిచి లోపలికి వెళ్ళింది. పొడుగాటి గది. రెండు ఫ్యాన్లలో ఒకటి తిరుగుతోంది, ఇంకొకటి తిరగాలా వద్దా అని ఆలోచిస్తోంది. కింద షాపులో చక్రం వంకర తీస్తున్న సుత్తి చప్పుడు మాటమాటకీ మధ్య వినిపిస్తోంది. ఎదురుగా బల్ల దగ్గర పబ్లిషరు ఉన్నాడు. ముందు వరసలో పెద్దాయన, కర్ర మీద రెండు చేతులూ వేసుకుని కూర్చున్నాడు. ఆయన పక్కన ఆయన చెల్లెలు, అంటే ప్రూఫులమ్మాయి అమ్మ, అన్నయ్య మంచినీళ్ళ సీసా ఒళ్ళో పెట్టుకుని ఉంది. అన్నయ్యకి చూపు తగ్గినప్పటి నుంచి ఆవిడే ఆయనకి కళ్ళు. ప్రూఫులమ్మాయి వెనక వరసలో గోడ వారగా కుర్చీ లాక్కుంది. నలభై దాటాయి, జుట్టు నెరుస్తోంది, అయినా ప్రెస్సులో ఆవిడ పేరు మారలేదు. ఊరందరి తప్పులూ దిద్దే మనిషి ఆ రోజు తన తప్పుల విచారణకి వచ్చి తేలు కుట్టిన దొంగలా కూర్చుంది.

మొదట పళ్ళ డాక్టరమ్మ లేచింది. నవ్వుముఖం మనిషి, మనసులో ఏమీ పెట్టుకోదు. చిన్నప్పుడు జ్వరం వస్తే మందు మింగడానికి లంచంగా వాళ్ళ నాన్న ఈ పుస్తకాలే చదివి వినిపించేవాడట. ఆరు పుస్తకాలు అలా నవ్వుతూ మింగేసింది. ఏడోది తెరిచేసరికి పడవ బాబాయి మామూలు మనుషుల్లా మాట్లాడుతున్నాడు. నత్తే లేదు. "నత్తి లేని పడవ బాబాయి ఉప్పు లేని వంటండీ," అంది. అని ఊరుకుంటే బాగుండేది. మూడో పుస్తకంలో బాబాయి పోలీసుకి పేరు చెప్పలేక తంటాలు పడే చోటు ఉంది కదా, అది గుర్తు చేసి, ఆ నత్తి తను అనుకరించి చూపించింది. బాగా కుదిరింది. గదంతా నవ్వింది. చిన్నప్పుడు అందరూ అద్దం ముందు నిలబడి అది అనుకరించినవాళ్ళే.

నవ్వనివాళ్ళు ముగ్గురు. పెద్దాయన, అమ్మ, వెనక వరసలో ఉన్న మన మనిషి. నాలుగో మనిషి కూడా ఉందని తర్వాత తెలిసింది.

ఆవిడ టైలరమ్మ. మెడలో టేపు అలాగే వేసుకుని వచ్చింది, షాపు మూసి వచ్చినట్టుంది. సంఘానికి కొత్త. మాట్లాడటానికి లేచి, ముందు టేపు తీసి చేతికి చుట్టుకుంది.

"మా వాడికి నత్తండీ," అంది. "ఈ పుస్తకాలన్నీ ఇంట్లో ఉన్నాయి. మా వాడు పైకి చదివేది ఏడోది ఒక్కటే. మిగతావి వాడు ఇంటికి ఎవరైనా వస్తే దాచేస్తాడు."

అంతే, కూర్చుంది. నవ్వు నాలుగు విధాల చేటని పెద్దవాళ్ళు ఊరికే అనలేదు. పళ్ళ డాక్టరమ్మ మొహం ఎర్రబడింది. తను అలా అనుకోలేదని ఏదో గొణిగి, పక్కవాళ్ళ దగ్గర నీళ్ళు అడిగి తాగింది. ప్రూఫులమ్మాయికి మాత్రం గుండెల్లోంచి ఏదో బరువు కాస్త పక్కకి జరిగినట్టయింది. ఆ పుస్తకం ఎవరో ఒకరికి పనికొచ్చిందన్న మాట ఆవిడ వినడం అదే మొదలు. ఎవరో తెలియని పిల్లవాడి మీద ప్రేమ పొంగుకొచ్చింది.

ఆ ప్రేమ ఎక్కువసేపు నిలవనిస్తే ఆయన ఈకల మాస్టారు ఎందుకవుతాడు?

ఈయన రిటైరైన లెక్చరరు. కోడిగుడ్డు మీద ఈకలు పీకడంలో ఈయన తర్వాతే ఎవరైనా, అందుకే ఆ పేరు. పేరు సంగతి ఆయనకీ తెలుసు, తెలిసి గర్వపడతాడు. కొడుకు పెళ్ళి శుభలేఖలో కామా లేదని మళ్ళీ అచ్చు వేయించిన మనిషి. దుర్మార్గుడు కాదు. పుస్తకాలంటే ప్రాణం, అందువల్లే పుస్తకాలు రాసేవాళ్ళకి ఆయనంటే భయం.

టైలరమ్మగారి మాట కాదనలేనిదని ముందు ఒప్పుకున్నాడు. అయితే పిల్లవాడికి నచ్చడం వేరు, పుస్తకం బాగుండటం వేరు అన్నాడు. ఏడోదాంట్లో కథ నడవదు, పడవ బాబాయి ఎందుకు వెళ్ళిపోతున్నాడో చెప్పరు, ఎనిమిదోదాంట్లో ఏమీ జరగనట్టు తిరిగి వచ్చి కూర్చుంటాడు. అంటే రాసినాయనే ఈ పుస్తకాన్ని లెక్కలోకి తీసుకోలేదు, మనమెందుకు తీసుకోవాలి అని అడిగాడు. అడిగింది సభనే అయినా కళ్ళు పెద్దాయన మీద ఉన్నాయి. పెద్దాయన కర్ర మీంచి చేతులు తీయలేదు. పాఠకులు ఎలా అంటే అలాగే అని ఆయన ముందే పబ్లిషరుకి చెప్పేశాడు.

ఆ మాట ఆయన అంత తేలిగ్గా ఎలా అనగలిగాడన్నదే ఇన్నాళ్ళుగా ప్రూఫులమ్మాయిని తొలుస్తున్న ముల్లు.

మాస్టారు పుస్తకం తెరిచాడు. కాగితం ముక్కలు పెట్టుకున్నాడు, పేజీలు వెతుక్కునే పని లేకుండా. తెల్లవారకముందే పడవ బాబాయి మూట కట్టుకుని బయల్దేరే చోటు తీశాడు. పిల్లల్లో అందరికంటే చిన్నది ఒక్కతే మేలుకుని ఆయన వెంట గట్టు దాకా వస్తుంది. దానితో బాబాయి అనే ఆఖరి మాట వినమన్నాడు.

"'అన్నయ్యతో చెప్పు, నాకు కోపం లేదని. చెప్పడానికే నోరు తిరగలేదని.'"

చదివి, కళ్ళజోడు మీంచి చూశాడు. ఆరు పుస్తకాల్లో పడవ బాబాయికి నా అన్నవాళ్ళే లేరు కదా, ఈ అన్నయ్య ఏ చెట్టు మీంచి దిగాడు? పుస్తకం పొడుగునా గడగడా మాట్లాడిన మనిషికి ఉన్నట్టుండి నోరు తిరగకపోవడమేమిటి? అని రెండు ప్రశ్నలు వేశాడు. ఒకరిద్దరు నవ్వారు. ఈసారి నవ్వు చిన్నదే. టైలరమ్మ ఉంది కదా గదిలో.

పెద్దాయన తల ఎత్తాడు. "మాస్టారూ, ఆ మాట ఇంకోసారి చదవండి," అన్నాడు.

ఆయన గొంతు ఆ రోజు సభ వినడం అదే మొదటిసారి. అమ్మ వెంటనే సీసా మూత తీసి ఆయన చేతికి ఇవ్వబోయింది. "మందుల వేళ దాటిపోతోంది అన్నయ్యా, పోదాం పద," అంది. ఆయన సీసా అందుకోలేదు.

మాస్టారు మళ్ళీ చదివాడు. ఇప్పుడెవరూ నవ్వలేదు. ఎందుకు నవ్వకూడదో ఎవరికీ తెలియదు, అయినా నవ్వలేదు. కింద సుత్తి చప్పుడు ఒక్కటే ఉంది.

మీకు తెలిసిన సంగతే, గుర్తు చేస్తాను. ఐదో పుస్తకం వచ్చాక వీధిలో పిల్లలు చిన్న మావయ్య వెంటపడి "ప-ప-ప" అనడం మొదలుపెట్టారు. ఆయన ఓర్చుకున్నన్నాళ్ళు ఓర్చుకుని, ఒకరోజు అన్నయ్య ఇంటికి వెళ్ళాడు. నత్తి తీసెయ్ అని అడగడానికి. నత్తి అన్న మాటే ఆయనకి నోట్లోంచి రాలేదు. పెద్దాయనకి చిన్నప్పటి నుంచీ తమ్ముడి మాటలు తను పూర్తి చేసే అలవాటు. ఆ రోజూ పూర్తి చేశాడు. "ఏంట్రా, పుస్తకం మీద నీ పేరు కూడా వెయ్యమంటావా?" అని నవ్వాడు. చిన్న మావయ్య అన్నయ్య మొహం ఒకసారి చూసి వెనక్కి తిరిగాడు. ఆ తర్వాత అన్నదమ్ముల మధ్య మాట లేదు. మాట లేకుండానే ఒకరు పోయారు.

మాస్టారికి ఇవేవీ తెలియవు. ఆయన ఈకల పనిలో ఉన్నాడు. ఇంకొక్కటి మిగిలిందన్నాడు. అదే పేజీలో, ఆ మాటకి పైన, చిన్నపిల్ల ఏడుస్తూ బాబాయిని ఆపబోతుంది. అక్కడ ఏమని పిలిచిందో చూడండి అని, వేలు పెట్టి చదివాడు. "వెళ్ళొద్దు మావయ్యా."

ప్రూఫులమ్మాయి చేతిలో సంచీ జారి కిందపడింది.

పుస్తకమంతా ఒళ్ళు దగ్గర పెట్టుకుని బాబాయి, బాబాయి అని రాసింది. ప్రూఫులు కూడా తనే దిద్దింది. దొంగ చేతికి తాళాలిచ్చినట్టు, తన తప్పు తనకే ఇచ్చారు చూడమని. అన్నిసార్లు చూసిన పేజీ అది. ఆ మాట తప్పుగా కనిపిస్తేనే కదా దిద్దడానికి. ఆవిడకి అది తప్పని ఇవాళ్టిదాకా కనపడలేదు.

అచ్చుతప్పయి ఉంటుందని పబ్లిషరు తేల్చేయబోయాడు. మాస్టారు తల అడ్డంగా ఊపాడు. ఇక్కడ మాత్రం ఆయన్ని మెచ్చుకోవాలి.

"అక్షరం మారితే అచ్చుతప్పు బాబూ. చుట్టరికం మారితే కాదు. ఈ పుస్తకం రాసినవాళ్ళకి ఆయన బాబాయి కాడు, మావయ్య." పుస్తకం మూసి పెద్దాయన వైపు తిరిగాడు. "ఇది మీరు రాసింది కాదు కదండీ?"

గదిలో కుర్చీలు కిర్రుమన్నాయి. పబ్లిషరు లేచి నిలబడ్డాడు. పెట్టె మీద ఎవరి పేరు వేయాలో, వేసినదానికి ఎవరేమంటారో అన్నీ ఒక్కసారి ఆయన మొహంలో కనిపించాయి. పెద్దాయన కర్ర ఆనించి కుర్చీలోనే వెనక్కి తిరిగాడు. చూపు అంత దూరం ఆనదు, అయినా ఆవిడ గోడ వారగానే కూర్చుంటుందని ఆయనకి తెలుసు.

"అమ్మాయ్," అన్నాడు. "వాడు ఈ మాట అన్నాడా?"

అంతమంది ముందు. ఇన్నేళ్ళు దాచమన్న మనిషే అడుగుతున్నాడు. ప్రూఫులమ్మాయి లేచింది. మాట తప్పుతున్నది తనా ఆయనా అన్నది ఆలోచించే స్థితిలో లేదు.

"అన్నాడు మావయ్యా."

ఆ ఒక్క పిలుపుతో సభకి సగం కథ అర్థమైపోయింది. మాస్టారు మెల్లగా కూర్చున్నాడు. గెలిచానన్న సంతోషం ఆయన మొహంలో లేదు.

"నత్తి లేకుండానా?" అని అడిగాడు పెద్దాయన.

చిన్న మావయ్య పోయే ముందటి ఆస్పత్రి గది ఆవిడ కళ్ళ ముందుకి వచ్చింది. మంచం పక్కన స్టూలు మీద తను. చిన్న మావయ్య నోరు ఒక్కో అక్షరం దగ్గరా ఆగిపోతుంటే, తను పూర్తి చేయకుండా, అందించకుండా, పళ్ళ బిగువున కూర్చుంది. ఎవరూ అందించకపోవడమే ఆయనకి కావలసిందని తెలిసి అలా కూర్చుంది.

"నత్తితోనే అన్నాడు. చాలాసేపు పట్టింది. రాసేటప్పుడు నేను తీసేశాను. ఆయన అడుగుదామనుకుంది అదే కదా, తీసెయ్యమని."

పెద్దాయన గడ్డం కర్ర మీద ఉన్న చేతుల మీదికి వాలిపోయింది. ముసలివాళ్ళ ఏడుపుకి శబ్దం ఉండదు, భుజాలే చెబుతాయి. టైలరమ్మ తల పక్కకి తిప్పుకుంది. పబ్లిషరు ఏదో అడగబోతే పెద్దాయన తల ఎత్తకుండానే చేయి చూపించి ఆపాడు. ఏడోది పెట్టెలో ఉండాలని చెప్పాడు. దాని అట్ట మీద తన పేరు ఉండకూడదని, రాసినవాళ్ళ పేరు ఉండాలని చెప్పాడు. అది కుదరకపోతే మిగతా ఎనిమిదీ కూడా వేయొద్దన్నాడు.

ఎన్నాళ్ళ నుంచో ఎదురుచూసిన మాట. రాత్రుళ్ళు ఊహించుకుని సిగ్గుపడిన మాట. తీరా వచ్చాక ప్రూఫులమ్మాయికి సంతోషం రాలేదు. కోపం వచ్చింది. కడుపులో మడిచి పెట్టుకున్న కోపం, ఎక్కడుందో తనకే తెలియనిది.

"ఇవాళే మొదటిసారి విన్నట్టు ఏడుస్తారేంటి మావయ్యా? పుస్తకం వచ్చిన రోజే మీ చేతికి ఇచ్చాను."

"చదవలేదు," అన్నాడు పెద్దాయన. "ఆ ఒక్కటీ చదవలేదు. అందులో వాడు ఉంటాడని తెలుసు. ముట్టుకోలేకపోయాను."

ఆవిడ కుర్చీ వెన్ను పట్టుకుంది. ఎనిమిదో పుస్తకంలో మళ్ళీ "ప-ప-ప" చూసిన రోజు గుర్తొచ్చింది. అంతా చదివి, తమ్ముడి ఆఖరి మాట కూడా చదివి, మళ్ళీ అదే రాశాడనుకుని ఆయన్ని మనసులో ఎంతెంత తిట్టుకుందో ఆవిడకే తెలుసు. పండక్కీ పబ్బానికీ వెళ్ళి అన్నం పెట్టిన చేత్తోనే దూరం పెట్టింది. ఆయన దగ్గరికి చేరాలని తమ్ముడు పంపిన మాట ఇన్నేళ్ళూ ఊరందరి చేతుల్లో తిరిగింది. ఆయన చేతిలో తప్ప.

"పుస్తకంలో ఎందుకు పెట్టానో తెలుసా మీకు?" అంది. "మీరు రాలేదు కాబట్టి. వస్తారని చిన్న మావయ్య తలుపు వైపే చూశాడు మావయ్యా. అన్నయ్య వచ్చాడా అని అడగడానికి కూడా పాపం ఎంతసేపు పట్టిందో. మీరొచ్చి ఉంటే మీతోనే చెప్పేవాడు కదా."

పెద్దాయన తల ఎత్తాడు. ఆ మొహంలో ఏడుపు ఆగిపోయింది. అర్థం కానివాడిలా చూశాడు.

"నేను రాకపోవడమేంటి?" అన్నాడు. "వచ్చాను. ఆ గది గుమ్మం దాకా వచ్చాను. లోపల నీ గొంతు వినపడుతూనే ఉంది. మీ అమ్మ తలుపుకి అడ్డంగా నిలబడింది. నీ మొహం చూడనంటున్నాడు, వెళ్ళిపో అన్నయ్యా అంది. వెళ్ళిపోయాను."

కింద సుత్తి ఆగింది. అందరి తలలూ ముందు వరస వైపు తిరిగాయి. పెద్దాయన పక్క కుర్చీ ఖాళీగా ఉంది, మంచినీళ్ళ సీసా దాని మీద ఒంటరిగా నిలబడి ఉంది.

అమ్మ అప్పటికే గుమ్మం దగ్గర ఉంది. వంగి, ఒక చేత్తో తలుపు పట్టుకుని, అందరి చెప్పుల కుప్పలో తన చెప్పులు వెతుక్కుంటోంది. ప్రూఫులమ్మాయి కుర్చీల మధ్య నుంచి తోసుకుంటూ వెళ్ళి ఆవిడ వెనక నిలబడింది. "అమ్మా," అంది.

అమ్మ వెనక్కి తిరగలేదు.

"ఒకటి దొరికిందే," అంది. "రెండోది నువ్వు చూసిపెట్టు. నాకు కళ్ళు కనపడటం లేదు."